వెటకారం తెలియని గొడుగు

చైత్ర శుద్ధ పాడ్యమి, ఉగాది

పందిరి కింద ఊరందరి ముందూ వసంత సూచన చదివేశాను. గొంతు పోయింది గానీ పరువు నిలబడింది.

పచ్చడిలోకి వేపపువ్వు ఈసారీ దొరకలేదు. ఆకాశంలో గొడుగు విప్పిన దగ్గర్నుంచీ ఈ కొండల మీద వేపచెట్లకి ఎప్పుడు పూయాలో తోచడం లేదు. కాకరకాయ తురిమి వేసుకుని, అదే చేదు అనుకున్నాం. ఎండలకి జనం పిట్టల్లా రాలిపోయిన రోజుల్లో సూర్యుడికి అడ్డంగా కట్టిన తెర ఆ గొడుగు. దాని రెక్కలు ఎత్తితే ఎండ, దించితే నీడ. మా కోనసీమని సముద్రం మింగేశాక, కొబ్బరాకుల కింద బతికినవాళ్ళం ఈ కొండ మీద రేకుల ఇళ్ళలో స్వెటర్లు వేసుకుని కూర్చున్నాం. మాతో పైకి వచ్చినవి రెండే. ఒకటి మా అబ్బులు బావ గోనెసంచిలో పెట్టుకొచ్చి బతికించిన చక్కెరకేళి అరటి పిలకలు. రెండోది మా వెటకారం.

వాతావరణం లెక్కగట్టే యంత్రాన్ని మావాళ్ళు పంతులుగారు అంటారు. ఉగాదినాడు పంచాంగం చదివే పని దానికి వచ్చింది మరి. కానీ దాని గొంతు వింటే జనానికి నిద్ర వచ్చేస్తోందని, ఊరికొక మనిషిని పెట్టి చదివిస్తున్నారు. మా ఊరికి నేను, సత్యవేణిని. నా చదువు చూసి పెట్టలేదు, నోరు చూసి పెట్టారు. ప్రతి ఇంట్లోనూ ఒక డబ్బా ఉంటుంది. నా మాట జనానికి, జనం మాట పంతులుగారికి వినిపించేది అదే. ఇంట్లోదే కాదు, పెరట్లో, తోటలో మాట కూడా దానికి వినబడుతుంది. దాన్ని ఆపే మీట లేదు. ఈ ఏడాది నుంచి గొడుగు రెక్కలు తిప్పే పని కూడా పంతులుగారికే అప్పగించారట. చెప్పేదీ ఆయనే, తిప్పేదీ ఆయనే.

"రాత్రిళ్ళు చల్లగా ఉంటాయంట. అక్కడక్కడ గడ్డకట్టే మంచు పడినా పడొచ్చంట," అని చదివి ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేను సత్యవేణిని ఎలా అవుతాను?

"పడితే ఇంకేముందండీ! మా అబ్బులు బావ అరటిగెలకి తెల్లచీర కట్టినట్టుంటది. పక్కన మా బావ కొయ్యలాగా బిగుసుకుపోయి కాపలా కాత్తాడు, చూసుకోండి!"

బావ మా అక్క కనకరత్నం మొగుడు. ఇరవయ్యేళ్ళుగా మా ఇద్దరి మధ్యా మాట నడిచేది ఇలాగే. జనంలోంచి లేచి కండువా దులిపాడు. "కాత్తాను లేవే మరదలా! నువ్వొచ్చి పక్కన విసనకర్రతో విసురు!" అన్నాడు. పందిరి కింద నవ్వులే నవ్వులు. అక్క ఒక్కతే మూతి తిప్పింది.

"నమోదైంది," అంది నా ముందున్న డబ్బా. ఎప్పుడూ అంటుంది.

తదియ

ఇవాళ జరిగినదానికి నవ్వాలో ఏం చెయ్యాలో తెలియక రాసి పెడుతున్నాను.

పొద్దున్న సూచన ఎండ బాగా కాస్తుందని. చదివాక నా తోక కూడా తగిలించాను. "ఎండకేం లోటు లేదండీ. మా సూరమ్మత్త వడియాలు మాత్రం సాయంత్రానికి కూడా పిండిలాగే ఉంటాయి. ఆవిడ చెయ్యి అలాంటిది మరి!"

సూరమ్మత్త మా ఎదురింటావిడ. మధ్యాహ్నం ఆవిడ మేడమీద నుంచి కేక వేస్తే ఎక్కి చూశాను. ఊరంతా ఎండ కణకణలాడుతోంది. ఆవిడ వడియాలు పెట్టిన పాత చీర మీద మాత్రం నీడ ఉంది. మబ్బు లేదు, చెట్టు లేదు, గోడ లేదు. చీర ఎంతుందో నీడ అంతే ఉంది.

"ఇదేంటే వేణీ, నా చీరకే ఏమొచ్చింది?" అని సూరమ్మత్త చీరని రెండు కొసలూ పట్టుకుని ఎండలోకి లాగింది. నీడ కూడా వెనకాలే వచ్చింది. ఆవిడ మళ్ళీ లాగింది. మళ్ళీ వచ్చింది. చీర వదిలేసి ఆవిడ నా వెనక్కి వచ్చి నిలబడింది. సాయంత్రం దాకా ఎవరమూ ఆ మేడ ఎక్కలేదు. వడియాలు పిండిలాగే ఉన్నాయి.

పంచమి

కాకతాళీయం అని రెండు రోజులు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. మనసు ఊరుకోక ఇవాళ కావాలనే ఒక మాట వేశాను. "వాన వస్తే మా వీధి మొదట్లో నిలబడుద్ది. రమ్మని పిలిస్తేగానీ లోపలికి రాదు. అంత మర్యాదస్తురాలు," అన్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళకి వాన వచ్చింది. వీధి మొదట్లో రేషన్ షాపు దాకా వచ్చి ఆగింది. గుమ్మానికి పూసల తెర వేలాడదీసినట్టు ఆకాశం నుంచి నేలదాకా నిలబడి కురుస్తోంది. దానికి అటు బురద, ఇటు దుమ్ము. మాలో ఒక్కరూ కదల్లేదు. కుక్క ఒకటి వెళ్ళి మూతి తడుపుకుని తోక ముడుచుకుని వచ్చేసింది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. చివరికి సూరమ్మత్తే రెండు చేతులూ జోడించి, "లోపలికి రా తల్లీ," అంది.

వచ్చింది.

నాకు తడుస్తున్నట్టు కూడా తెలియలేదు. ఉగాదినాడు పందిరి కింద నేను అన్న మాటలే చెవిలో మోగుతున్నాయి. గెలకి తెల్లచీర. పక్కన మా బావ కొయ్యలాగా.

నాకు భయంగా ఉంది. ఇంత భయం నాకు సముద్రం గడప దాటిన రోజున కూడా లేదు. ఆ రోజు తప్పు సముద్రానిది.

షష్ఠి

సూచనల ఆఫీసుకి ఫోన్ చేశాను. మగగొంతు, చాలా మర్యాదగా మాట్లాడింది.

"సత్యవేణి గారూ, ఈ ఏడాది మీ ఊరి సూచనలన్నీ నిజమవుతున్నాయి. ఇంతకుముందు ఏ ఊరికీ ఇలా జరగలేదు. సంతోషం."

"అయ్యా, ఉగాదినాడు మా బావ గురించి నేనన్నది సూచన కాదండీ. వెటకారం."

"అది ఏ రకమైన వాతావరణం?"

"వాతావరణం కాదండీ బాబూ! అలా అంటాం అంతే. అన్నమాట జరగాలని అనం. జరగదని తెలిసే అంటాం."

ఆ గొంతు అంతే మర్యాదగా, "రోజువారీ సూచన మర్నాడు మార్చుకోవచ్చు. ఉగాదినాటి సూచన వసంతం మొత్తానికీ ఒకటే. వసంతం ముగిసేలోగా అది జరుగుతుంది. చదివినది జరక్కపోతే జనానికి నమ్మకం పోతుంది కదా," అంది.

"మీరెవరండీ మాట్లాడేది? మీ పేరేంటి?" అన్నాను.

"నమోదైంది," అని ఫోన్ పెట్టేసింది.

సప్తమి

డబ్బా వింటుంది కాబట్టి అక్కకీ బావకీ పలక మీద రాసి చూపించాను. బావ చదివి పగలబడి నవ్వబోయాడు. అక్క మొహం చూసి ఆగిపోయాడు. అక్క నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పలక నా చేతిలోంచి తీసుకుని చీరకొంగుతో తుడిచింది. తుడిచిందే తుడిచింది.

బావని కొండ దింపేద్దామని రంపచోడవరం వైపు వెళ్ళే జీపు ఎక్కించాం. ఘాట్ రోడ్డు మొదటి మలుపు దగ్గర పొగమంచు. మిగతా కొండంతా ఎండ. డ్రైవర్ దీపాలు వేసినా బండి బయటికి చాపిన తన చెయ్యి తనకే కనబడలేదట. ఆగి చూశారు, తిరిగి వచ్చేశారు. సాయంత్రం పడమటి దారిన నడిచి వెళ్ళబోతే ఆ దారిన కూడా అంతే. ఎటు తిరిగినా పొగమంచు బావకంటే ఒక్క అడుగు ముందే ఉంటోంది. అరటితోట వైపు మాత్రం దారి శుభ్రంగా కనబడుతోంది.

"కాపలాకి రమ్మంటన్నట్టుంది," అన్నాడు బావ. అనకూడని మాట అన్నానని నాలుక కరుచుకున్నాడు. ఆయన అలా చేయడం నేనెన్నడూ చూడలేదు.

నవమి

నవమి పందిట్లో పానకం ఎవరూ తాగలేదు. వేడినీళ్ళు అడిగి తాగుతున్నారు.

తెల్లారేసరికి గడ్డి మీద తెల్లటి చార కనబడుతోంది. మంచం పట్టేంత వెడల్పు. తోటలో గెల వేసిన చెట్టు మొదట్లో బయలుదేరి నిన్న బావి దాకా వచ్చింది. ఇవాళ అక్కా వాళ్ళ దడి దాకా వచ్చింది. చారకి అటూ ఇటూ గడ్డి పచ్చగానే ఉంది. ఎండ ఎక్కగానే పోతుంది. వేలు పెట్టి చూశాను. కాలినట్టు చురుక్కుమంది.

సూచన చదివేటప్పుడు ఇప్పుడు కాగితంలో ఉన్న ముక్క తప్ప ఇంకోటి పలకడం లేదు. నా ఒక్కదాని సంగతే కాదు. ఊళ్ళో విషయం పాకింది. ఇంట్లో మొగుడితో కూడా జనం పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతున్నారు. "నీకు ఇంకొంచెం అన్నం కావాలా?" "వద్దు. నాకు కడుపు నిండింది." సందులో నడుస్తుంటే గోడల వెనక నుంచి ఇవే వినబడుతున్నాయి. మా ఊరేనా ఇది అనిపిస్తోంది.

దశమి

పొద్దున్నే అక్క గొంతు విని పరిగెత్తాను. అరటితోటలో నిలబడి, "ఏవండీ, కాఫీ తాగుదురు రండి," అంటోంది. ఎదురుగా ఉన్నది బావ కాదు. దిష్టిబొమ్మ. బావ చొక్కా, బావ లుంగీ, మెడలో బావ కండువా. పొట్ట దగ్గర చొక్కా లోపల కుంపటి పెట్టింది. నిప్పులు ఎర్రగా ఉన్నాయి.

నాకు అర్థమైంది. పంతులుగారికి కళ్ళు లేవు. చలీ వేడీ తెలుస్తాయి. ఎవరు ఎవరన్నది మా మాటల వల్లే తెలుస్తుంది. మేం దేన్ని అబ్బులు అంటే అదే అబ్బులు.

ఇంటికి వచ్చి డబ్బా ముందు కూర్చుని, గొంతులో నవ్వు గానీ ఏడుపు గానీ లేకుండా చెప్పాను. "కనకరత్నం భర్త అబ్బులు ఈ రోజు నుంచి అరటితోటలోనే ఉంటాడు."

"నమోదైంది."

బావని గేదెల పాకలోకి పంపించాం. రెండు గేదెల మధ్య ఆయన వేడి కూడా గేదె వేడిలో కలిసిపోతుందని అక్క ఆలోచన. నోరు విప్పకూడదు. ఎవరూ ఆయన్ని పిలవకూడదు.

త్రయోదశి

ఊరంతా దిష్టిబొమ్మని పలకరిస్తోంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తోట పక్కనుంచి వెళ్ళేవాళ్ళు ఆగుతున్నారు. "ఏం అబ్బులూ, బాగున్నావా?" అంటున్నారు. జవాబు వచ్చేంతసేపు ఆగి, తల ఊపి వెళుతున్నారు. సూరమ్మత్త నిన్న చుట్ట ఒకటి వెలిగించి దాని చేతికింద పెట్టింది. బొమ్మతో అరటి ధర గురించి మాట్లాడినవాళ్ళు కూడా ఉన్నారు. మొదటిరోజు ఇబ్బందిపడ్డారు. ఇప్పుడు పడడం లేదు.

అక్క పొద్దునా సాయంత్రం కుంపటిలో బొగ్గులు మార్చి, పక్కనే కూర్చుని కబుర్లు చెబుతోంది. ఇవాళ నేను వెళ్ళేసరికి ఏదో విని నవ్వుతున్నట్టు తల వంచుకుని ఉంది. ఎవరి మాటకి అని అడగలేకపోయాను.

తెల్లచార దడి దగ్గర నుంచి వెనక్కి తిరిగి తోటలోకి వెళ్ళిపోయింది.

పాక తలుపు సందులోంచి బావ చూస్తున్నాడు. తన పేరుతో ఊరంతా ఎవరినో పిలుస్తుంటే వింటున్నాడు. నేను పేడ ఎత్తే నెపంతో వెళ్ళాను. నన్ను చూసి ఆయన గేదె కొమ్ములు రెండు చేతులతో పట్టుకుని, స్కూటర్ నడుపుతున్నట్టు పెట్టాడు. నేను నవ్వలేదు. నవ్వితే వినబడుతుంది.

పౌర్ణమి

జరిగింది.

తెల్లవారగానే వెళ్ళాం. ఊళ్ళో ఎక్కడా చలి లేదు. తోటలో, చెట్టు చుట్టూ చాప పరిచినంత మేర మాత్రం తెల్లగా మెరుస్తోంది. గెల పై నుంచి కింది దాకా తెల్లచీర కట్టినట్టే ఉంది. నేనన్నట్టే. పక్కన బొమ్మ చేతులు చాపి బిగుసుకుపోయి ఉంది. చొక్కా అట్టలాగా అయిపోయింది. కుంపటిలో నిప్పు బూడిద కాలేదు, నల్లబడిపోయిన బొగ్గులుగా ఎలా ఉన్నవి అలా ఆగిపోయాయి. గెల పోయింది, తల్లిచెట్టు పోయింది. పిలకలు మాత్రం బతికాయి.

అక్క బొమ్మ మీద పడి ఏడ్చింది. ఏడవాలని ముందే అనుకున్నాం. కానీ ఆ ఏడుపు అనుకున్న ఏడుపు కాదు. కండువా విప్పుదామని లాగితే పుల్లలాగా విరిగింది.

ఇంటికి వచ్చేసరికి డబ్బా మాట్లాడుతోంది. "వసంత సూచన నిజమైంది. అబ్బులు గారి కుటుంబానికి మా సానుభూతి."

బహుళ తదియ

రాత్రిళ్ళు చలి తగ్గింది. సూచన కూడా మామూలుగా వస్తోంది. అక్క బొట్టు తీయలేదు. డబ్బాకి కళ్ళు లేవు కదా.

ఇవాళ పొద్దున్న బావ మా ఇంటికి వచ్చాడు. పాకలోంచి బయటికి రావచ్చని నేనే పలక మీద రాసి పంపాను. వచ్చి వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాడు. మీసం తీసేశాడు. టీ ఇచ్చాను. ఒక గుక్క తాగి విషం తాగినవాడిలా కళ్ళు తేలేశాడు. ఇరవయ్యేళ్ళుగా నా టీకి ఆయన వంక పెడుతూనే ఉన్నాడు. నేను ఏదో ఒకటి అంటూనే ఉన్నాను. నోటిదాకా వచ్చింది, బావా అని. మింగేశాను. ఈ జన్మకి ఇంక ఆ మాట అనడానికి లేదని అప్పుడు తెలిసింది. ఏడుపు ఆగలేదు. చప్పుడు కాకుండా ఏడ్చాను.

"సత్యవేణి గారూ," అంది డబ్బా. "మీ ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టున్నారు?"

బావ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగింది.

లేరు అనబోయాను. అంటే అది కూడా నిజం చేస్తుందని తోచి, నోరు అదుపులో పెట్టుకున్నాను.

"ఉన్నారండీ. అరటి పిలకలు చూసుకోడానికి కొత్తగా వచ్చిన మనిషి."

"పేరు?"

"నూకరాజు."

ఆ పేరు విని బావ మొహం అదోలా పెట్టాడు. దొరక్క దొరక్క ఇదా దొరికింది అన్నట్టు నా వైపు చూశాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"నమోదైంది. నూకరాజు గురించి మీ సూచన ఏమిటి?"

ఇంతకుముందు డబ్బా ఏ మనిషి గురించీ ఇలా అడగలేదు. అయినా ఇది భగవంతుడు ఇచ్చిన అదను అనిపించింది. నేనేదంటే అది జరుగుతుంది కదా. మా బావకి నేను ఆయుష్షు పోయగలను. వెటకారం వద్దు, తోకలు వద్దు. మనసులో ఉన్నది ఉన్నట్టు, ఇన్నాళ్ళూ ఆయనతో ఎప్పుడూ అనని మాట అనాలనుకున్నాను. కళ్ళు తుడుచుకుని, చేతులు జోడించి, ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పాను.

"ఆ మనిషి నూరేళ్ళు చల్లగా ఉండాలి."

"నమోదైంది."

హమ్మయ్య అనుకున్నాను. బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా వైపు గ్లాసు ఎత్తి చూపించి నవ్వాడు. టీ మీద ఆవిరి ఆగిపోయింది. కిటికీలోంచి ఎండ పీట మీద పడుతూనే ఉంది. ఆ ఎండలో నవ్వుతున్న బావ నోట్లోంచి తెల్లగా ఆవిరి వచ్చింది. నేనేమన్నానో అప్పుడు వినబడింది నాకు.